ఫోకస్‌ను ఆపే వేలు

కెమెరా పట్టుకున్న కుడిచేతిలో రెండు వేళ్లకే ఎప్పుడూ పని. చూపుడువేలు పైన షట్టర్ బటన్ మీద ఉంటుంది, బొటనవేలు కెమెరా వీపు మీద ఉంటుంది. ఫోకస్ బాధ్యతను ఈ రెంటిలో దేనికి ఇవ్వాలన్న దగ్గర ఫోటోగ్రాఫర్లు రెండు వర్గాలయ్యారు. షట్టర్ బటన్‌ను సగం నొక్కితే ఫోకస్ కుదరడం, పూర్తిగా నొక్కితే ఫోటో పడటం ఒక పద్ధతి. కొత్త కెమెరా ఏది కొన్నా మొదట ఇలాగే పనిచేస్తుంది. షట్టర్ బటన్ నుంచి ఫోకస్‌ను పూర్తిగా తప్పించి, వెనకనున్న ఏఎఫ్-ఆన్ బటన్‌కో స్టార్ బటన్‌కో అప్పజెప్పడం రెండో పద్ధతి. దీన్నే బ్యాక్ బటన్ ఫోకస్ అంటున్నాం. ఇందులో చూపుడువేలు ఎంత నొక్కినా లెన్స్ కదలదు, ఫోటో మాత్రం పడుతుంది.

ఈ రెండు పద్ధతుల గురించి మాట్లాడేవాళ్లంతా ఫోకస్‌ను ఏ వేలు మొదలుపెట్టాలన్న దగ్గరే ఆగిపోతున్నారు. మొదలుపెట్టడం రెంటిలోనూ తేలికే. తేడా అంతా ఆపడంలో ఉంది. ఇక చాలు, ఇక్కడే ఉండు అని కెమెరాకు చెప్పాల్సిన క్షణంలో ఏ పద్ధతి ఎంత చేతికి అందుతుందో చూస్తేనే వీటి మంచిచెడ్డలు తేలతాయని నా నమ్మకం. ఈ వ్యాసమంతా ఆ ఒక్క తూనికతోనే తూస్తాను.

వయసులో రెండు పద్ధతులూ దాదాపు ఈడువాళ్లే. అవి రాకముందు ఫోకస్, క్లిక్ విడివిడి పనులు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్. ఆయన కాలపు ప్లేట్ కెమెరాలో నల్లగుడ్డ కప్పుకుని, వెనకనున్న గరుకు గాజు మీద తలకిందులుగా పడే బొమ్మను చూస్తూ ఫోకస్ కుదుర్చుకునేవారు. తర్వాత లెన్స్ మూసి, గాజు ఉన్నచోట ప్లేటు పెట్టి, అప్పుడు ఎక్స్‌పోజర్ ఇచ్చేవారు. ఆ రెండు పనుల నడుమ ఫోకస్ కదిలే మాటే లేదు. తర్వాత వచ్చిన 35 ఎంఎం కెమెరాల్లోనూ ఎడమచెయ్యి లెన్స్ రింగు తిప్పేది, కుడిచెయ్యి క్లిక్‌మనిపించేది. 1985లో మినోల్టా 7000తో ఆటోఫోకస్ ఎస్ఎల్ఆర్‌ల ఒరవడి మొదలయ్యాక ఆ రెండూ ఒకే వేలి కిందకి వచ్చాయి. మీటర్‌ను మేల్కొలిపేందుకు షట్టర్‌ను సగం నొక్కే అలవాటు చాలామందికి అప్పటికే ఉంది. ఫోకస్ మోటారు కూడా ఆ సగం నొక్కుడులోనే చేరింది. నాలుగేళ్లకే, 1989లో, కెనాన్ తన ఈఓఎస్ 630లో ఫోకస్‌ను వెనక బటన్‌కు మార్చుకునే కస్టమ్ ఫంక్షన్ ఇచ్చింది. 1996 నాటి నికాన్ ఎఫ్5లో ఏఎఫ్-ఆన్ పేరుతో అందుకోసమే ఒక బటన్ ఉంది. వెనక బటన్‌ను ఏదో నిపుణుల రహస్యంలా చెప్పేవాళ్లు తరచూ కనిపిస్తారు గానీ, సగం నొక్కుడు పుట్టిన కొద్దికాలానికే దానికి విరుగుడు కూడా పుట్టింది.

సగం నొక్కుడు పద్ధతి ఫోకస్‌ను ఆపే తీరు చూద్దాం. కెనాన్‌లో వన్-షాట్ అనీ, నికాన్, సోనీల్లో ఏఎఫ్-ఎస్ అనీ అనే మోడ్‌లో ఒకసారి ఫోకస్ కుదిరాక అది అక్కడే నిలుస్తుంది. అయితే వేలు సగంలోనే ఉండాలి. వేలు తీశారా, మళ్లీ నొక్కినప్పుడు లెన్స్ మొదటికొచ్చి కొత్తగా వెతుకుతుంది. నిండిన బొక్కెనను గిలక మీద సగంలో ఆపి తాడు పట్టుకు నిలబడటం లాంటిది ఇది. పైకి లాగకూడదు, వదలకూడదు. ఒక ఫోటోకైతే పరవాలేదు, అదే దూరంలో వరసగా ఇరవై ఫోటోలు తీయాలంటే వేలికి కష్టమే. ఇక కదిలే వాటికోసం పెట్టిన సర్వో, ఏఎఫ్-సీ మోడ్‌లో సగం నొక్కుడుకు ఆపడమే తెలియదు. వేలు ఉన్నంతసేపూ వెతుకుతూనే ఉంటుంది, క్లిక్‌మనే ముందు కూడా వెతుకుతుంది. ఎదురుగా ఉన్నది నిలబడిందో కదులుతోందో ముందే తేల్చుకుని, దాన్నిబట్టి మోడ్ మార్చుకోవాలి.

వెనక బటన్ వాడేవాళ్లు కెమెరాను ఎప్పుడూ ఏఎఫ్-సీలోనే ఉంచుతారు. బొటనవేలు నొక్కి ఉంచితే వెంటాడుతుంది, తీస్తే ఆగిపోతుంది. ఆపడానికి చేయాల్సిన పనల్లా వేలు ఎత్తడం. ఆగిన ఫోకస్ అలాగే ఉంటుంది. చూపుడువేలు ఎన్నిసార్లు క్లిక్‌మనిపించినా చెక్కుచెదరదు. రెండు మోడ్‌లు చేసే పనిని ఒకే మోడ్ చేసిపెడుతుంది. ఆలోచనగా చూస్తే ఇంతకంటే చక్కని ఏర్పాటు కెమెరా చరిత్రలో అరుదు.

ఆలోచన చక్కగా ఉంటే చాలదు, పనిలో తేలాలి. దానికి తెలుగు పెళ్లిపందిరిని మించిన పరీక్ష నాకు కనిపించదు. జీలకర్ర-బెల్లం ముహూర్తం తీసుకోండి. వధూవరుల మధ్య అడ్డుతెర. తెర పట్టుకున్నవాళ్ల చేతులు, పురోహితుడి చెయ్యి, అక్షింతలు వేయడానికి ముందుకొచ్చే చేతులు, ఫోన్లు ఎత్తిన చేతులు, అన్నీ కెమెరాకూ ముఖాలకూ నడుమే. వధూవరులు ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టేటప్పుడు వాళ్ల మోచేతులే వాళ్ల ముఖాలకు అడ్డొస్తాయి. పీటల మీద కూర్చున్న ఆ ఇద్దరికీ కెమెరాకూ ఉన్న దూరం ఆ కొద్ది నిమిషాల్లో దాదాపు మారదు. మారేదంతా మధ్యలో ఉన్నదే. అంటే అక్కడ కావాల్సింది వెంటాడే ఫోకస్ కాదు, నిలిచి ఉండే ఫోకస్.

సగం నొక్కుడు ఇక్కడ తడబడుతుంది. వన్-షాట్‌లో ఉంటే ప్రతి క్లిక్‌కూ కొత్తగా వెతుక్కోవాలి, ఆ వెతుకులాటలో ముందుకొచ్చిన చేతి గాజుల మీదో తెర అంచు మీదో నిలిచిపోతుంది. పైగా వన్-షాట్‌లో మామూలు అమరిక ప్రకారం ఫోకస్ కుదరందే షట్టర్ పడదు. తెర దిగే ఘడియ కెమెరా తేల్చుకునేదాకా ఆగదు. సర్వోలో ఉంటే గాజుల చెయ్యి వచ్చినప్పుడల్లా ఫోకస్ దాని మీదకి దూకి, చెయ్యి పోయాక తీరిగ్గా వెనక్కి వస్తుంది. వెనక బటన్‌తో పని చేసేవాళ్లు తెర ఉండగానే ఒకసారి పెళ్లికూతురి కళ్ల మీద కుదుర్చుకుని బొటనవేలు ఎత్తేస్తారు. ఆ తర్వాత ఎన్ని చేతులు అడ్డొచ్చినా ముఖం స్పష్టంగానే ఉంటుంది, చేతులే మసకబారతాయి. ఆ మసక కూడా ఫోటోకు అందమే, పందిట్లోని జనసందడి అందులోంచే తెలుస్తుంది.

తలంబ్రాల దగ్గర లెక్క కొంచెం మారుతుంది. బియ్యపు గింజలు, ఇప్పుడైతే వాటితో కలిపే రంగు థర్మాకోల్ ఉండలు, ముఖాల ముందు జల్లులా పడుతుంటాయి. ఇద్దరూ నవ్వుతూ ముందుకు వంగుతారు, పక్కకు తప్పుకుంటారు. దూరం జానెడు అటూఇటూ మారుతుంది. లెన్స్‌ను ఎఫ్ 4 దగ్గర పెట్టి కొంచెం వెనక నుంచి తీసేవాళ్లకు ఆ జానెడు పెద్ద విషయం కాకపోవచ్చు, ఎఫ్ 1.4 దగ్గర తీసేవాళ్లకు మాత్రం ఒకసారి కుదుర్చుకుని వదిలేస్తే చాలదు. గింజలు పడని ఆ చిన్న విరామాల్లో బొటనవేలు నొక్కి, దోసిలి ఎత్తగానే వదలాలి. ఆ లయ పట్టుబడ్డాక వెనక బటన్ చేతిలో వాద్యంలా పలుకుతుంది. న్యాయానికి ఇంకో మాట కూడా చెప్పాలి. కెనాన్ 2012 నాటి 5డీ మార్క్ త్రీ లాంటి కెమెరాల్లో, అడ్డొచ్చినవాటిని పట్టించుకోకుండా మొదటి మనిషినే వెంటాడే అమరిక ఒకటి ఇచ్చింది. దాన్ని వాడితే సగం నొక్కుడు కూడా గింజల జల్లును కొంతవరకు తట్టుకుంటుంది. అయినా ఏది అడ్డు, ఏది మనిషి అన్న తీర్పు అక్కడ కెమెరాది. వెనక బటన్‌లో ఆ తీర్పు ఫోటోగ్రాఫర్‌ది. అద్దమున్న డీఎస్ఎల్ఆర్‌తో పెళ్లి తీసేవాళ్లకు వెనక బటనే మేలన్నది నా స్థిరాభిప్రాయం.

అయితే ఆ పందిట్లోనే వెనక బటన్ బలహీనత కూడా బయటపడుతుంది. పెళ్లి ఇప్పుడు ఒక్కరు తీసేది కాదు. క్యాండిడ్ తీసేవాళ్లు, ట్రెడిషనల్ తీసేవాళ్లు, వీడియో వాళ్లు, సహాయకులు ఉంటారు. హడావుడిలో కెమెరాలు చేతులు మారతాయి. గ్రూప్ ఫోటోలో తను కూడా ఉండాలని "బాబాయ్, ఒక్క క్లిక్ కొట్టండి" అంటూ పక్కవాళ్ల చేతికి ఇచ్చిన కెమెరాలో షట్టర్ నొక్కితే ఫోకస్ జరగదు. ఫోటో మాత్రం పడుతుంది, అదే ప్రమాదం. తీసినవాళ్లకు ఏ హెచ్చరికా ఉండదు. వెనక బటన్ వాడేవాళ్లు కెమెరా ఇచ్చేముందు అమరిక మార్చాలి, లేదా తామే ఫోకస్ కుదిర్చి ఇవ్వాలి. సగం నొక్కుడు కెమెరాకు ఈ బాధ లేదు. ఎవరి చేతికి ఇచ్చినా ఒకేలా పనిచేయడం చిన్న గుణమేమీ కాదు, ముఖ్యంగా జట్టుగా చేసే వృత్తిలో.

వెనక బటన్‌కు మారితే ఫోటోలు పదునుగా వస్తాయన్న ప్రచారాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఫోకస్ ఎక్కడ మొదలైనా లెన్స్‌ను కదిపే మోటారు ఒకటే, కొలిచే సెన్సారు ఒకటే. మధ్య పాయింటుతో కంటి మీద ఫోకస్ చేసి, తర్వాత కెమెరాను పక్కకు తిప్పి ఫ్రేమ్ సరిచేసుకునే అలవాటు రెండు వర్గాల్లోనూ ఉంది. అందులో దాగిన లోపమూ ఇద్దరికీ ఒకటే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 85 ఎంఎం లెన్స్ తగిలించి, ఎఫ్ 1.4 దగ్గర, 2 మీటర్ల దూరంలో ఉన్న ముఖాన్ని తీస్తున్నామనుకోండి. స్పష్టంగా కనిపించే లోతు మొత్తం కలిపి నాలుగున్నర సెంటీమీటర్లు, అంటే కంటికి ముందు రెండుంబావు, వెనక రెండుంబావు. ఫోకస్ చేశాక కెమెరాను 10 డిగ్రీలు తిప్పితే, లెన్స్ కుదుర్చుకున్న తలం కంటికి 3 సెంటీమీటర్లు వెనక్కి జరిగిపోతుంది. కన్ను మసక, చెవి స్పష్టం. షట్టర్ సగం నొక్కి పట్టుకున్నా, బొటనవేలు ఎత్తేసినా ఈ లెక్క మారదు. తిప్పడం మానేసి, ఫోకస్ పాయింటునే కంటి దగ్గరికి జరుపుకోవడమే దీనికి మందు.

ఆ పాయింటును జరిపే జాయ్‌స్టిక్ కూడా బొటనవేలి కిందే ఉంటుంది. సగం నొక్కుడులో బొటనవేలికి అదొక్కటే పని కాబట్టి ఫోకస్ నడుస్తుండగానే పాయింటు జరపొచ్చు. వెనక బటన్‌లో ఒకే వేలు రెండు పనులు చేయాలి, ఏఎఫ్-ఆన్ మీంచి తీస్తే తప్ప జాయ్‌స్టిక్ అందదు. కబడ్డీ తీసేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. రైడర్ కూతకొచ్చి వెళ్లేదాకా ఫోకస్ ఆపాల్సిన అవసరమే రాదు, బొటనవేలు నొక్కే ఉంటుంది. ఆపే పని లేని చోట వెనక బటన్ ఇచ్చే లాభం సున్నా, జాయ్‌స్టిక్ పోయిన నష్టం మాత్రం మిగులుతుంది. ఎడమ కన్నుతో వ్యూఫైండర్ చూసేవాళ్లకు బొటనవేలు ముఖానికో కళ్లజోడుకో తగలడం మరో ఇబ్బంది.

పక్షుల దగ్గరికొస్తే తీర్పు చెప్పడం ఇంకా కష్టం. కైకలూరు దగ్గర కొల్లేటి ఒడ్డున ఆటపాకలో చెట్ల మీద, అటవీశాఖ ఏర్పాటు చేసిన స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. గూటిలో కూర్చున్న పక్షి చాలాసేపు కదలదు, దాని ముందు కొమ్మలు మాత్రం గాలికి ఊగుతూనే ఉంటాయి. ఉన్నట్టుండి రెక్కలు విప్పి లేస్తుంది. సగం నొక్కుడువాళ్లు వన్-షాట్‌లో ఉంటే ఆ లేచే క్షణం పోతుంది, సర్వోలో ఉంటే అంతకుముందు కూర్చున్నంతసేపూ కొమ్మలతో కుస్తీ. వెనక బటన్‌కు ఈ సందిగ్ధం లేదు. కూర్చున్నప్పుడు ఒకసారి నొక్కి వదలడం, లేచినప్పుడు నొక్కి పట్టుకోవడం. నీళ్లమీద గాల్లోనే ఒకచోట రెక్కలాడిస్తూ నిలబడి, ఒక్కసారిగా మునిగే నలుపు తెలుపు లకుముకి పిట్టకూ ఇదే ఉపాయం. అక్కడిదాకా వెనక బటన్‌కు తిరుగులేదు.

కానీ ఆటపాకలో ఒడ్డున నిలబడే కాదు, పడవలో కూర్చుని కూడా తీస్తాం. పడవ నిలకడగా ఉండదు. పక్షి కదలకపోయినా మనం కదులుతుంటాం. నొక్కి వదిలేసిన ఫోకస్ మరుక్షణానికే పాతబడుతుంది, పొడుగు టెలీ లెన్స్‌తో ఆ తేడా కంట్లో నలుసులా కనిపిస్తుంది. పడవలో బొటనవేలు ఎత్తకూడదు. ఎత్తకపోతే అది సర్వోలో సగం నొక్కుడుకు సమానమే. ఆపే సౌకర్యం వరం కావాలంటే కింద నేల కదలకూడదన్నమాట. లెన్స్ స్టెబిలైజేషన్ విషయమూ పొడుగు లెన్స్ వాడేవాళ్లు గుర్తుంచుకోవాలి. నికాన్ వీఆర్ లెన్సులు చాలావాటిలో ఏఎఫ్-ఆన్ నొక్కితే స్టెబిలైజేషన్ మేల్కోదు, షట్టర్ సగం నొక్కితేనే మేల్కొంటుంది. అందుకని వెనక బటన్ వాడుతున్నా చూపుడువేలు సగం నొక్కుడును పూర్తిగా మరిచిపోవడానికి లేదు.

దీపావళి రాత్రి తారాజువ్వలు, ట్రైపాడ్ మీద నక్షత్రాలు తీసేవాళ్లకు పెద్ద చర్చ అక్కర్లేదు. ఒకసారి కుదుర్చుకున్న ఫోకస్‌ను చీకట్లో ప్రతి క్లిక్‌కూ కెమెరా మళ్లీ వెతకడం నష్టం తప్ప లాభం కాదు. అక్కడ వెనక బటనో, లెన్స్‌ను మాన్యువల్‌కు మార్చడమో తప్పదు. వెలుతురు కొలత సంగతి కూడా చూడాలి. కెనాన్‌లో వన్-షాట్, ఎవల్యుయేటివ్ మీటరింగ్ పెట్టి సగం నొక్కితే, ఫోకస్‌తో పాటు ఎక్స్‌పోజర్ కూడా అక్కడే ఆగిపోతుంది. కిటికీ పక్కన కూర్చున్న మనిషి మీద ఫోకస్ చేసి ఫ్రేమ్‌ను కిటికీ వైపు జరిపేవాళ్లకు ఆ ముడి ఉపయోగమే. వెనక బటన్‌లో ఆ ముడి విడిపోతుంది. ఫోకస్ ఒక చోట, వెలుతురు మరో చోట అని విడిగా ఆలోచించగలిగినవాళ్లకు అది స్వేచ్ఛ, ఆ ఆలోచన ఇంకా అలవడనివాళ్లకు అదనపు బరువు.

ఇదంతా ఎక్కువగా డీఎస్ఎల్ఆర్ కాలపు లెక్క. మిర్రర్‌లెస్ వచ్చాక తూనికలో రాళ్లు మారాయి. 2013లో కెనాన్ 70డీలో వచ్చిన డ్యుయల్ పిక్సెల్ ఏఎఫ్ ఫోటో తీసే సెన్సారుతోనే ఫోకస్ కొలుస్తుంది. మధ్యలో గుమిగూడిన పాయింట్ల స్థానంలో ఈనాటి మిర్రర్‌లెస్‌లలో దాదాపు ఫ్రేమ్ అంతటా పాయింట్లు పరుచుకున్నాయి. ఫోకస్ చేసి కెమెరా తిప్పాల్సిన అవసరం చాలావరకు పోయింది. సోనీలో మొదట కంటిని పట్టే ఏఎఫ్ కోసం విడిగా ఒక బటన్ నొక్కి పట్టుకోవాల్సి వచ్చేది. 2019లో ఏ6400తో, ఏ7 త్రీ వంటివాటికి ఇచ్చిన ఫర్మ్‌వేర్‌తో అది షట్టర్ సగం నొక్కుడులోకే వచ్చేసింది. 2020 నాటి కెనాన్ ఆర్5, ఆర్6 పక్షుల కళ్లనూ పట్టుకోసాగాయి. కన్ను కనిపిస్తున్నంతవరకు కెమెరా దాన్ని వదలదు. మోడ్ మార్చాల్సిన పని, పాయింటు జరపాల్సిన పని, రెండూ తగ్గాయి. వెనక బటన్ కోసం చెప్పే పాత కారణాల్లో సగానికి పైగా ఇక్కడ చెల్లవు. పదేళ్ల కిందటి వాదననే ఈ కెమెరాల ముందు పెట్టి కొత్తవాళ్లను వెనక బటన్‌కు మారమని ఒత్తిడి చేయడం నాకు సబబుగా తోచదు.

అలాగని ఆపే అవసరం తీరిపోలేదు. పెళ్లికూతురు తల దించుకుంటుంది, బాసికం కళ్లమీదకి జారుతుంది, తలంబ్రాలు కళ్లను కప్పేస్తాయి. కన్ను కనబడని క్షణంలో కెమెరా పక్కనున్న తోడిపెళ్లికూతురి కన్నునో వెనక నిలబడ్డ మేనత్త కన్నునో పట్టుకుంటుంది. కెమెరా ఎంత తెలివిమీరితే అంత తొందరగా మరో ముఖాన్ని వెతుక్కుంటుంది. అప్పుడు దాన్ని ఆపగలగాలి. ఫోన్‌తో ఫోటోలు నేర్చుకుని వచ్చినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. తెర మీద వేలితో తట్టి ఫోకస్ చేయడం, ఐఫోన్‌లో అయితే కాసేపు నొక్కి పట్టి దాన్ని లాక్ చేయడం, ఆ తర్వాత వేరే బటన్‌తో ఫోటో తీయడం వాళ్లకు మొదటినుంచీ అలవాటు. ఫోకస్, క్లిక్ వేరువేరన్న పాత సంగతి వాళ్ల చేతుల్లో ఇప్పటికే ఉంది. వెనక బటన్ నేర్చుకోవడానికి ఫిల్మ్ కాలం మనిషి పడినంత కష్టం వాళ్లు పడరు.

మిర్రర్‌లెస్ వాడేవాళ్లకు నేను సూచించేది ఈ రెంటికీ నడుమ దారి. ఫోకస్‌ను షట్టర్ సగం నొక్కుడు మీదే ఉంచాలి, బొటనవేలి కింది బటన్‌కు ఫోకస్‌ను ఆపే పని ఇవ్వాలి. కెనాన్‌లో దాన్ని ఏఎఫ్ స్టాప్‌గా, నికాన్‌లో ఏఎఫ్ లాక్‌గా అమర్చుకోవచ్చు. సోనీ లెన్సులు చాలావాటి మీద ఫోకస్ హోల్డ్ బటన్ విడిగానే ఉంటుంది, కెనాన్ పెద్ద టెలీ లెన్సుల మీదా ఏఎఫ్ స్టాప్ బటన్లు ఉన్నాయి. కంటిని వెంటాడే పని కెమెరాది, చేతులు అడ్డొచ్చినప్పుడు ఆపే పని బొటనవేలిది. కెమెరా పక్కవాళ్ల చేతికి వెళ్లినా మామూలుగానే పనిచేస్తుంది. దీనికీ ఒక లోటుంది. బొటనవేలు ఎత్తగానే ఫోకస్ మళ్లీ మొదలవుతుంది కాబట్టి, వరసగా చాలాసేపు ఒకే దూరాన్ని పట్టి ఉంచాల్సినప్పుడు పాత బాధే మళ్లీ వస్తుంది, వేలు మాత్రం మారుతుంది. నక్షత్రాలకూ, జీలకర్ర-బెల్లం లాంటి నిలకడ ఘడియలకూ అసలైన వెనక బటనే ఇప్పటికీ మేలు.

ఇక సెకండ్‌హ్యాండ్‌లో కెనాన్ 1500డీయో నికాన్ డీ5600యో కొనుక్కుని పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లు మొహమాటం లేకుండా వెనక బటన్‌కు మారవచ్చు. 1500డీలో కస్టమ్ ఫంక్షన్లలోని షట్టర్/ఏఈ లాక్ బటన్ అమరికను 3 అనే అంకె మీద పెడితే స్టార్ బటన్ ఫోకస్ చేస్తుంది. డీ5600లో ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్‌కు ఏఎఫ్-ఆన్ ఇవ్వాలి. రెంటిలోనూ ఫోకస్ మోడ్‌ను సర్వో లేదా ఏఎఫ్-సీలో ఉంచాలి. కొత్తలో చూపుడువేలు ఒక్కటే నొక్కి మసక ఫోటోలు తీయడం అందరికీ జరిగేదే. అందుకని మొదటి వారం ఇంట్లోవాళ్లనో వీధిలోని కోళ్లనో తీస్తూ చెయ్యి అలవాటు చేసుకుని, ఆ తర్వాతే డబ్బు తీసుకున్న పెళ్లికి ఈ అమరికతో వెళ్లాలి.